కోడిగుడ్డు సున్నా

జూన్ 2

ఇందుమూలంగా ఈ ఇంటి యావన్మందికీ, అనగా నాకూ, మా ఆవిడకూ, గోడమీద బల్లికీ తెలియజేయడమేమనగా: నేటినుంచి ఈ గడప లోపల 'స్టాంపు' అన్న మాటకు ఒకటే అర్థం. చెక్క పిడి ఉండి, కింద రబ్బరు ఉండి, సిరా అద్ది కాగితం మీద గుద్దేదే స్టాంపు. నాలుకతో తడిపి కవరుకు అంటించేది స్టాంపు కాదు. దానిని తపాలా బిళ్ళ అనవలెను. అలా అనడానికి నోరు తిరగనివారు నోరు మూసుకొనవలెను. రెండో ఉత్తర్వు: మా తోడల్లుడి ప్రస్తావన అన్నం దగ్గర తేరాదు. అరగదు. మూడో ఉత్తర్వు: నా దువ్వెన ఎవరూ ముట్టుకోరాదు.

లేచి నిలబడి, గొంతు సవరించుకుని, పైకి చదివాను. మా ఆవిడ వడ్డిస్తూనే "చెల్లి ఫోన్ చేసింది. మరిదిగారి స్టాంపులు అంతర్జాతీయ ప్రదర్శనకి ఎంపికయ్యాయట" అంది.

రెండు ఉత్తర్వులు ఒక్క వాక్యంలో కొట్టుకుపోయాయి. తలెత్తి చూస్తే దువ్వెన ఆవిడ జడలో ఉంది.

జూన్ 3

పొద్దున్నే కొట్టు తెరిచి కూర్చున్నాను. ఒక ఆఫీసు గుమాస్తా వచ్చి 'రద్దు చేయబడినది' అని ముద్ర కావాలన్నాడు. అక్షరాలు తిరగేసి చెక్కుతుంటే చేతికి హాయిగా ఉంది. మొదట ఎవరి నుదుటి మీద కొట్టి చూడాలో కూడా తోచింది.

ఊరంతా మిషన్ల మీద చేయించుకుంటుంది. నేనింకా బ్లేడుతోనే. ఎనిమిదో తరగతి దాకా అక్షరాలు తిన్నగా రాయడం నేర్పారు, రాలేదు. తిరగేసి రాయడం ఎవరూ నేర్పలేదు, వచ్చేసింది. సున్నాతోనే పేచీ. తెగి అతుక్కున్న బొటనవేలు సరిగా వంగదు, బ్లేడు గుండ్రంగా తిరగదు. నేను చెక్కిన సున్నా ఎప్పుడూ కోడిగుడ్డులాగే వస్తుంది. ఇంట్లో అదో నవ్వు.

మామగారు తపాలా శాఖలో రిటైరైనప్పుడు ముచ్చటపడి ఆయనకో ముద్ర చేసిచ్చాను. 'విశ్రాంతి తపాలా ఉద్యోగి' అని. 'విశ్రాంత' అని ఉండాలట. ఒక గుడి ఎక్కువైంది. "పోనీలెండి, సర్వీసులోనూ విశ్రాంతే, ఇప్పుడూ విశ్రాంతే" అని సర్దబోయాను. మామగారు నవ్వలేదు. తోడల్లుడు నవ్వు ఆపుకున్నాడు. నవ్వేసి ఉంటే క్షమించేవాణ్ణి.

అసలు సంగతి నాకు తెలుసు. దీనికీ తపాలా బిళ్ళలకీ సంబంధం లేదు. మామగారు నన్ను 'అల్లుడూ' అంటారు. వాణ్ణి 'అల్లుడుగారూ' అంటారు. పెద్దల్లుణ్ణి నేను. ముందొచ్చింది నేను. ఆసుపత్రి వరండాలో ఆయన కోసం కూర్చున్నది నేను. వాడు కాలేజీలో పాఠాలు చెబుతాడు కాబట్టి గారు, నేను రబ్బరు కోస్తాను కాబట్టి ఉత్త అల్లుడు. ఆయన దాచుకున్న బిళ్ళల పుస్తకం కూడా వాడికే ఇచ్చారు. నాకు గొడుగిచ్చారు.

గొడుగు మంచిదే.

జూన్ 8

అభినందించడానికి వాళ్ళింటికి వెళ్ళాం. మా ఆవిడ దారి పొడుగునా "నోరు అదుపులో పెట్టుకోండి" అంటూనే ఉంది. నేను అదుపులోనే పెట్టాను. నా నోటికి అదుపు కొంచెం దూరంగా ఉంటుంది, అంతే.

మామగారు కిటికీ పక్క కుర్చీలో ఉన్నారు. తోడల్లుడు బల్లనిండా కాగితాలు పరిచి చేతులకి తెల్ల తొడుగులు వేసుకున్నాడు, ఆపరేషన్ చేసేవాడిలాగా.

"పేషెంటు బతుకుతుందా తమ్ముడూ?" అన్నాను.

మరదలు కిసుక్కుమంది. వాడు కూడా నవ్వాడు. వాడితో ఇదే చిక్కు. ఏమన్నా నవ్వుతాడు. రాయి విసిరితే బంతిలా పట్టుకుంటాడు.

నది మీద పూర్వం పడవల్లో టపా వెళ్ళేదట. ఒక్కో రేవులో ఒక్కో చిన్న పోస్టాఫీసు. ఆ రేవుల ముద్రలు పడ్డ పాత కవర్లన్నీ ఏరి, వరసగా కాగితాల మీద పెట్టి, పక్కన చరిత్ర రాశాడు. అదీ వాడి ప్రదర్శన. ముందు పేజీలో తపాలా బిళ్ళల పుట్టుక. "మొట్టమొదటి బిళ్ళ నల్లది అన్నయ్యా, రాణి బొమ్మది. దాని మీద ఎర్రసిరాతో ముద్ర కొట్టేవాళ్ళు. జనం ఆ ఎర్రసిరా కడిగేసి మళ్ళీ అంటించేవాళ్ళు. అందుకని ఏడాది తిరక్కుండా బిళ్ళనే ఎర్రగా మార్చి, నల్లసిరా కొట్టడం మొదలెట్టారు."

"అంటే మా ముద్ర కోసం మీ బిళ్ళ రంగు మార్చుకుందన్నమాట. ఎవరి మాట చెల్లిందో చూశారా మామగారూ?"

"అల్లుడుగారు చెప్పేది పూర్తిగా విను అల్లుడూ" అన్నారు మామగారు.

ఒకే వాక్యంలో రెండూ. పక్కపక్కన. పుండూ కారమూ.

బిళ్ళలు రాకముందు ఉత్తరం అందుకున్నవాడే డబ్బు కట్టేవాడట. కొందరు గడుసువాళ్ళు కవరు పైనే గుర్తులు పెట్టుకుని, పైనుంచి చూసి కబురు తెలుసుకుని, మాకొద్దు పొమ్మనేవాళ్ళని ఒక కథ చెబుతారట. వాళ్ళు నా పూర్వీకులై ఉంటారు. ఇంకోటి చెప్పాడు: అచ్చులో పొరపాటున విమానం బొమ్మ తలకిందులుగా పడ్డ బిళ్ళ ఉందట, సరిగ్గా పడ్డవాటికంటే దానికే విలువట. వాళ్ళు తప్పు అచ్చేస్తే అపురూపం. నేను ఒక్క గుడి ఎక్కువ చెక్కితే ఇంటిల్లిపాదికీ ఏళ్ళ తరబడి నవ్వు.

మామగారు అడిగారు. "మూడో రేవు ముద్ర దొరికిందన్నారు. ఏదీ?"

"హాల్లో చూద్దురుగాని మామయ్యగారూ. అప్పటిదాకా దాచాను."

"నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ రేవు సంచులు విప్పాను. తర్వాత ఆఫీసు మూసేశారు. మళ్ళీ ఆ ముద్ర చూడలేదు. చూడకుండానే పోతాననుకున్నాను."



నేను మంచినీళ్ళ వంకతో వంటింట్లోకి వెళ్ళాను. ఎందుకంటే ఆ మూడో రేవు ముద్ర చెక్కింది నేను.

జూన్ 9

నిన్న రాసింది చదివితే నేరం చేసినట్టుంది. నేరం కాదు, సరదా. రాసి పెట్టుకుంటే నాకే తెలుస్తుంది.

చలికాలంలో మాట. వాడు అందరి దగ్గరా మూడో రేవు, మూడో రేవు అని కలవరించేవాడు. ప్రపంచంలో ఎవరి దగ్గరా లేదట. నా దగ్గర ఒక పాత కవరుంది, మామగారి గొడుగు తెచ్చుకున్న రోజు ఆయన అటక మీద దొరికింది. బిళ్ళ ఉంది, ముద్ర పడలేదు. వాడి కాగితాల్లో మిగతా రేవుల ముద్రలు చూసి ఆ తరహాలో ఒకటి చెక్కాను. సిరాలో కాస్త మసి, కాస్త టీ డికాషన్. గుద్దాను. ఎండలో పెట్టాను. వాడు ప్రతి ఆదివారం వెళ్ళే చిత్తుకాగితాల కొట్టాయన నా దోస్తు. పాత ఉత్తరాల కట్టలో దూర్చేశాడు. వాడు కొనుక్కుంటాడు, ఎగిరి గంతేస్తాడు, అందరికీ చూపిస్తాడు, అప్పుడు నేను జేబులోంచి రబ్బరు ముద్ర తీసి టప్పున వాడి అరచేతిలో కొడతాను. అందరూ నవ్వుతారు. మామగారు కూడా. అంతే పథకం.

వాడు గంతెయ్యలేదు. మా ఇంటికొచ్చి నన్ను కావలించుకున్నాడు. "పూర్తయింది అన్నయ్యా" అన్నాడు. ముద్ర జేబులోనే ఉండిపోయింది.

తారీఖు 10-10-40 అని పెట్టాను. చేతికొచ్చిన తారీఖు పెట్టాను, ప్రత్యేకంగా ఏమీ లేదు. సున్నాలు రావని తెలిసీ సున్నాలున్న తారీఖే పెట్టడం నా తెలివి.

జూన్ 14

రేపు చెప్పేస్తాను.

జూన్ 15

చెప్పలేదు. వాన.

జూన్ 16

వాన తగ్గింది. గొడుగు కనిపించలేదు. వాన లేకపోతే గొడుగెందుకంది మా ఆవిడ. ఆడవాళ్ళకి ప్రతిదానికీ కారణం కావాలి.

జూన్ 21

వెళ్ళాను. చెప్పాలనే వెళ్ళాను, దేవుడి సాక్షి.

వాడు కవర్ల మూలలకి పారదర్శకంగా ఉండే చిన్న తొడుగులు పెట్టి కాగితానికి బిగిస్తున్నాడు. జిగురు తగలకూడదట. నేను చిన్నప్పుడు బిళ్ళలన్నీ అన్నం మెతుకులతో అంటించి, పళ్ళపళ్ళుగా ఉన్న అంచులు అందంగా లేవని కత్తెరతో నున్నగా కత్తిరించేవాణ్ణి. చెబితే వాడు కళ్ళు మూసుకుని "ఇంకెవరికీ చెప్పకు అన్నయ్యా" అన్నాడు.

"ఆ హాల్లో దొంగవి పట్టుకుంటారా తమ్ముడూ?" అనడిగాను, ఏదో మాటకి అన్నట్టు.

"న్యాయనిర్ణేతలు భూతద్దాలతో చూస్తారు. అనుమానం వస్తే దీపం కింద పెడతారు. దొంగదాన్ని అసలుదని పెడితే పరువు పోతుంది. దొంగదని రాసి పెడితే తప్పులేదు. నకిలీలూ చరిత్రలో భాగమేగా."

"దొంగదని ఎవడు రాసుకుంటాడు?"

"రాసుకోవాలి" అన్నాడు. ఇంకో మూల బిగిస్తూ, "అన్నయ్యా, సున్నా ఎలా చెక్కుతావు? బ్లేడు తిప్పుతావా, రబ్బరు తిప్పుతావా?"

తేలు కుట్టిన దొంగలా నవ్వాను. "రెండూ తిప్పను. జనాల్ని తిప్పుతాను."

వాడు నవ్వాడు. మరదలు టీ తెచ్చింది. తాగి వచ్చేశాను.

ఆలోచిస్తే నాకు భయం కంటే మంటే ఎక్కువగా ఉంది. ముద్ర నాది. పట్టుబడకపోతే అంతర్జాతీయ ప్రదర్శనకి వెళ్ళేది నా చేతిపని. పతకం వస్తే మెళ్ళో వేసుకునేది వాడు. దొంగతనం చేసింది నేను, దోచుకుంటున్నది వాడూనా?

జూన్ 30

మామగారికి ఒంట్లో బాగాలేదు. ఆయాసం. డాక్టరు తిరగొద్దన్నాడు. ఆయన మాత్రం "మూడో రేవు ముద్ర చూసి వచ్చి పడుకుంటాను" అంటున్నారు.

మా ఆవిడ వాళ్ళింటినుంచి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా అడిగింది. "మీరేదో చేశారు. ఏం చేశారు?"

"నేనేం చేస్తాను?"

"మా నాన్న ఆ కవరు గురించి మాట్లాడుతుంటే మీరు ఫ్యాను వంక చూస్తున్నారు. ఏదన్నా చేసినప్పుడే మీరు ఫ్యాను వంక చూస్తారు."

ఫ్యాను వంక చూశాను.

జూలై 2

అసలు ముద్రని కళ్ళారా చూసినవాళ్ళలో మిగిలింది ఆయనొక్కరే. న్యాయనిర్ణేతల భూతద్దాలు అక్కర్లేదు. ఆయన కళ్ళజోడు చాలు. దొంగదని ఒక్క చూపులో తెలిసిపోతుంది. సున్నాలు చూస్తే చేసిందెవరో కూడా తెలిసిపోతుంది. చూడకుండా పోతాననుకున్నదాన్ని చూడ్డానికి ఆయాసంతో వచ్చి, అక్కడ నా కోడిగుడ్లు చూస్తారు.

గారు సంగతి దేవుడెరుగు. ఉన్న 'అల్లుడూ' కూడా పోతుంది.

మింగలేను, కక్కలేను.

జూలై 18

రేపే.

జూలై 19

హాలు కొత్తది. పెద్దది. వెడల్పాటి మెట్లు, చల్లగాలి, నేలంతా బూడిద రంగు తివాచీ, వరసలు వరసలుగా గాజు చట్రాలు. ఏ జెండా ఏ దేశానిదో తెలీదు, ఎవరి భాష వాళ్ళు మాట్లాడుకుంటున్నారు. పెద్దపెద్ద మనుషులు గోరంత కాగితాల ముందు నడుం వంచి నిలబడ్డారు. అందరి కంటికీ ఒక అద్దం. నా కొట్టులో ఎవరైనా అలా వంగితే అది చిల్లర కిందపడి.

మామగారిని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టారు. ఎవరు తోస్తారన్న దగ్గర నేను ముందు పట్టుకున్నాను. తోస్తున్నంతసేపూ తప్పించుకునే దారులు వెతికాను. "మామగారూ, అటు చూడండి, ఎంత పెద్ద బిళ్ళో." "మామగారూ, అక్కడ కాఫీ ఇస్తున్నారు." ఆయన చెయ్యి ముందుకే చూపిస్తోంది.

మూడో రేవు పేజీ వచ్చింది.

కవరు లేదు. ఖాళీ చదరం. కింద వాడి చేతిరాత: 'మూడో రేవు. ముద్ర దొరకలేదు. ఎవరి దగ్గరైనా ఉంటే తెలియజేయగలరు.'

మామగారు ఆ ఖాళీని చాలాసేపు చూశారు. తోడల్లుడు ఆయన పక్కన మోకాళ్ళ మీద కూర్చుని "క్షమించండి మామయ్యగారూ. దొరికిందనుకున్నాను, కాదని తేలింది. ఆ మాట ఇంట్లో చెప్పలేకపోయాను. కానీ చివరి పేజీ మీకోసమే పెట్టాను" అన్నాడు.

చివరి పేజీ. దాని ముందు మనుషులు గుమిగూడి ఉన్నారు. వేరే వాటి ముందు ఒకరూ ఇద్దరే. మధ్యలో నా కవరు. కింద రెండు భాషల్లో: 'కుటుంబ నకిలీ. ముద్ర చేతితో చెక్కినవారు మా పెద్ద తోడల్లుడు, రబ్బరు ముద్రల పనివారు. సున్నాలు గమనించండి.'

నా ముందున్న ఒకాయన పక్కావిడతో "ఎంత శుభ్రంగా చేశాడో" అన్నాడు. ఆవిడ భూతద్దం పెట్టి "ఆ సున్నా పగలగొడితే ఆమ్లెట్ వేసుకోవచ్చు" అంది. ఇద్దరూ పడీపడీ నవ్వారు. నేను కూడా నవ్వాను, దారినపోయేవాడిలా.

తోడల్లుణ్ణి చట్రం వెనక్కి లాక్కెళ్ళాను.

"ఎప్పుడు తెలిసింది?"

"చిత్తుకాగితాల కొట్లో కట్ట విప్పగానే. ఇంకెవరికొస్తాయి అలాంటి సున్నాలు?"

"తెలిసీ నన్ను కావలించుకున్నావా?"

"నా కోసం అంత పని చేసినవాళ్ళు ఎవరున్నారన్నయ్యా? నెల్లాళ్ళైనా పట్టి ఉంటుంది." నిజంగానే అన్నాడు. వెటకారం ఉందేమోనని వెతికాను. లేదు.

"మరి చెప్పలేదేం?"

"నువ్వు చెబుతావని చూశాను. ఒకరోజు వచ్చావుగా. టీ తాగి వెళ్ళిపోయావు." తర్వాత గొంతు తగ్గించి, "తారీఖు మాత్రం మామయ్యగారి పుట్టినరోజు పెట్టావు. అది నాకూ తట్టేది కాదు" అన్నాడు.

చేతికొచ్చిన తారీఖు అన్నాను. వాడు సరేనన్నాడు.

తిరిగి వచ్చేసరికి మామగారు కుర్చీలోంచి లేచి, చట్రం అంచు పట్టుకుని, ముక్కు గాజుకి ఆనించి చూస్తున్నారు. చాలాసేపు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ చూశారు. నేను తిట్లకి సిద్ధంగా చేతులు కట్టుకుని నిలబడ్డాను.

అప్పుడు, అందరి ముందూ, పైకి, మా ఆవిడా మరదలూ వింటుండగా, "చేతిపని అంటే ఇదీ, అల్లుడుగారూ" అన్నారు.

నన్నే.

జూలై 20

ఫలితాలు. వాడికి పెద్ద వర్మెయిలట. అంటే ఏమిటని అడిగితే వెండి మీద బంగారు పూత అన్నాడు. మనసులో కాస్త చల్లబడింది. పైకి బంగారం, లోపల వెండి. వాడి పతకం కూడా నకిలీయే కదా అన్నాను. నవ్వాడు. పోరా, నవ్వు.

అన్నీ వాడికే ఉన్నాయని ఏడ్చాను ఇన్నాళ్ళూ. చదువు, గారు, బిళ్ళల పుస్తకం. ఇప్పుడు మంచితనం కూడా వాడికే. కనీసం అది నాకొదిలెయ్యొచ్చుగా. వాడు నన్ను తిట్టి, పరువు తీసి, గొడవ పెట్టుకుని ఉంటే నేను ఎంత సుఖంగా ఉండేవాణ్ణి. ఉతికి, ఆరేసి, మడతపెట్టి, గాజు చట్రంలో పెట్టాడు.

మా ఆవిడ అంది: "మీ పేరు అంతర్జాతీయంగా పెట్టాడు, ఇంకేం కావాలి?"

పేరు ఎక్కడ పెట్టాడు? 'మా పెద్ద తోడల్లుడు' అన్నాడు. అక్కడా నన్ను కొలిచింది వాడితోనే.

దువ్వెన కనబడటం లేదు.

జూలై 22

మామగారు కొట్టుకి వచ్చారు. ఆటోలో, ఒక్కరే, డాక్టరు వద్దన్నా. ఆయాసం తగ్గేదాకా స్టూలు మీద కూర్చుని నేను చెక్కుతున్నది చూశారు. తర్వాత సంచిలోంచి పాత ముద్ర తీసి బల్ల మీద పెట్టారు. 'విశ్రాంతి తపాలా ఉద్యోగి'. రబ్బరు అరిగిపోయింది. ఇన్నాళ్ళూ వాడుతున్నారని నాకు తెలీదు.

"కొత్తది చెయ్యి" అన్నారు.

"ఈసారి తప్పు లేకుండా చేస్తాను మామగారూ."

"తప్పుతోనే చెయ్యి. బ్యాంకులో వాళ్ళకి అదే అలవాటు."

సున్నా ఒకటే ఉంది అందులో. శ్రాం. ఆయన వెళ్ళినప్పటినుంచీ దాని మీదే కూర్చున్నాను. మూడుసార్లు కోశాను. మూడూ గుడ్లే. మూడోది పెట్టేశాను.

పని అయ్యాక జూలై 19న రాసింది మళ్ళీ చదివాను. బాగా కుదిరింది. ఎవరు చదివినా నమ్ముతారు. నేనే రెండుసార్లు నమ్మాను.

ఆయన గాజుకి ముక్కు ఆనించి చూసింది నిజం. కళ్ళజోడు తుడుచుకుంది నిజం. "చేతిపని అంటే ఇదీ" అన్నదీ నిజమే. ఆ తర్వాత అన్నది "సున్నా మాత్రం నీకు ఈ జన్మకి రాదు అల్లుడూ" అని.

గారు అనలేదు. ఆ గారు నేను చెక్కి అతికించింది. అందులో సున్నా లేదు కాబట్టి ఎవడూ పట్టుకోలేడు.